పాత పత్రికలోని వాటర్ లెవెల్ కంట్రోలర్‌ను మా హన్మకొండ ట్యాంకికి సరిపెట్టిన తీరు: నా అనుభవం

ఇంటి మీద 1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకి, కింద 1 హెచ్‌పీ బోరు మోటరు. ట్యాంకి ఖాళీ అయితే మోటరు దానంతట అదే ఆన్ కావాలి, నిండితే ఆగాలి. దీనికి సర్క్యూట్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలో దొరికింది. అట్ట ఊడిపోయిన సంచిక. ఒకటిన్నర పేజీ వ్యాసం, ఒక బొమ్మ, ఒక పీసీబీ డ్రాయింగ్, పార్టుల జాబితా. ఒక 555 ఐసీ, ఒక ట్రాన్సిస్టర్, ఒక రిలే (చిన్న కరెంటుతో పలికే స్విచ్), అంతే. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కడితే టేబుల్ మీద చక్కగా పనిచేసింది. ట్యాంకికి కట్టినంక లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఏ పార్టు విలువ ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఇక్కడ రాస్తున్నా. ఇదే రకం సర్క్యూట్ కట్టేవాళ్లకు సగం పని తప్పుతుంది.

ముందు పత్రికను చదవడం గురించి. పాత సంచిక నుంచి ఏది కట్టినా సర్క్యూట్ బొమ్మను, పీసీబీ డ్రాయింగ్‌ను పక్కపక్కన పెట్టి ప్రతి పిన్నూ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ సరిచూడాలి. నాకు దొరికిన డ్రాయింగ్ రాగి వైపు నుంచి చూసినట్టా, పార్టుల వైపు నుంచి చూసినట్టా అన్నది రాయలేదు. సరిచూస్తే పార్టుల వైపు నుంచి గీసినది. అట్లనే రాగి మీదకు దింపితే ఐసీ కాళ్లన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడతాయి. జిరాక్స్ సైజు కూడా నమ్మొద్దు. 16 కాళ్ల ఐసీలో ఒక వరుస మొదటి కాలి నుంచి చివరి కాలికి సరిగ్గా 17.78 మిల్లీమీటర్లు ఉండాలి. ఐసీని కాగితం మీద పెట్టి చూస్తే చాలు, చుక్కలు తప్పితే అక్కడే తెలుస్తుంది. తర్వాతి రెండు మూడు సంచికలు దొరికితే వాటిలో సవరణలు, పాఠకుల ఉత్తరాలు తప్పక చూడండి. నాకు దొరకలేదు. ఎలాగూ మార్పులు ఉన్నాయని, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ జోలికి పోకుండా, రంధ్రాలు ముందే ఉన్న జీరో బోర్డు మీదే కట్టాను.

పార్టుల జాబితాలో ట్రాన్సిస్టర్ ఎస్‌ఎల్100. పాత భారతీయ సర్క్యూట్లలో రిలే కనిపిస్తే పక్కన ఎస్‌ఎల్100 ఉండాల్సిందే. మూకుడు మూత లాంటి లోహపు టోపీ, పక్కకు చిన్న చెవి, ఆ చెవి పక్క కాలు ఎమిటర్. ఇప్పుడు దొరకడం కష్టం. దొరికినా పాత సరుకే. ఈ పనికి బీసీ547 చాలు. 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ 400 ఓమ్స్, అంటే 30 మిల్లీ ఆంపియర్లు. బీసీ547 మోసేది 100 మిల్లీ ఆంపియర్లు. కానీ కాళ్ల వరుస వేరు. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. పెద్ద రిలే కోసం బీడీ139 వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దాని అక్షరాలు మన వైపు ఉంటే వరుస ఎమిటర్, కలెక్టర్, బేస్. కొత్త ట్రాన్సిస్టర్ పెట్టినా రిలే పలకడం లేదని పారేసే బోర్డుల్లో చాలా వాటి రోగం ఇదే. రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉండాలి. వెండి గీత ప్లస్ వైపు. తిరగేసి పెడితే కరెంటంతా డయోడ్ గుండానే పోయి, రిలే ఆన్ అయ్యే మొదటి క్షణంలోనే ట్రాన్సిస్టర్ పోతుంది.

ఇక అసలు సంగతి, 555. 1971లో సిగ్నెటిక్స్ కోసం హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన ఈ ఐసీని అందరూ టైమర్ అంటారు గానీ ఇక్కడ టైమర్‌గా వాడటం లేదు. లోపల రెండు కంపారేటర్లు, ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఉంటాయి. 2వ కాలి వోల్టేజీ సప్లయ్‌లో మూడో వంతు కంటే తగ్గితే అవుట్‌పుట్ ఆన్. 6వ కాలి వోల్టేజీ మూడింట రెండు వంతులు దాటితే ఆఫ్. మధ్యలో ఉంటే ముందున్న స్థితే నిలుస్తుంది. 12 వోల్టుల సప్లయ్ మీద ఆ గీతలు 4 వోల్టులు, 8 వోల్టులు. ట్యాంకిలో మూడు రాడ్లు. పొడుగుది ప్లస్ 12కు, కింది మట్టం రాడ్ 2వ కాలికి, పై మట్టం రాడ్ 6వ కాలికి. ఆ రెండు కాళ్ల నుంచీ గ్రౌండ్‌కు, అంటే సప్లయ్ మైనస్‌కు, ఒక్కో రెసిస్టర్. నీళ్లు కింది రాడ్‌ను వదిలితే 2వ కాలు సున్నాకు దిగి మోటరు ఆన్. నీళ్లు పై రాడ్‌ను తాకితే 6వ కాలు పైకి లేచి మోటరు ఆఫ్. ఇంత చిన్న పార్టులో ఇంత సరైన తెలివి ఇంకెక్కడా చూడలేదు.

పత్రికలో ఆ గ్రౌండ్ రెసిస్టర్లు 10 కె, అంటే 10 వేల ఓమ్స్. తప్పంతా అక్కడ మొదలైంది. 6వ కాలు 8 వోల్టులు దాటాలంటే రాడ్ల మధ్య నీళ్ల నిరోధం 5 కె లోపే ఉండాలి. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కరెంటు బాగానే పారుతుంది. రాడ్ మొన మాత్రమే నీళ్లను తాకినప్పుడు మీటర్ 9 వోల్టుల దగ్గర చూపించింది. అదే ట్యాంకిలో నల్లా నీళ్లు నింపి చూస్తే 7 దాటలేదు. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే మున్సిపల్ నీళ్లు బోరు నీళ్ల కంటే తేలిక. వాటితో మోటరు ఆగాలంటే నీళ్లు పై రాడ్‌ను ఇంకో రెండు వేళ్లు ముంచాలి, ఈలోగా ఓవర్‌ఫ్లో పైపు మొదలవుతుంది. సర్క్యూట్ రాసినాయన తన ఊరి నీళ్లతో పరీక్షించి ఉంటారు, అందులో తప్పేం లేదు. మన నీళ్లతో మనం కొలుచుకోవాలి.

కొలిచే పద్ధతి కూడా చెప్పాలి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి రాడ్లకు తాకిస్తే అంకె నిలవదు, చూస్తుండగానే ఎక్కుతూ పోతుంది. నేరుగా డీసీ పారితే రాడ్ల మీద ఒక పొర కట్టి వోల్టేజీని మింగుతుంది. అందుకని సర్క్యూట్‌లో ఎలా ఉంటుందో అలాగే కొలవాలి: ప్లస్ 12 నుంచి ఒక రాడ్, నీళ్లు, రెండో రాడ్, రెసిస్టర్, గ్రౌండ్. రెసిస్టర్ మీద వోల్టేజీ చూసి రాసుకోవాలి. బకెట్‌లో కాదు, ట్యాంకి నీళ్లతోనే, మొన మాత్రమే తాకేట్టు పట్టుకుని చూడాలి.

10 కెతో ఇంకో నష్టం ఉంది. రాడ్ల గుండా 1 మిల్లీ ఆంపియర్ దాకా ఎప్పుడూ పారుతూ ఉంటుంది. ప్లస్‌కు కట్టిన రాడ్ కరుగుతుంది, మిగతా రెండింటి మీద సున్నం పేరుకుంటుంది. మొదట కట్టిన రాగి తీగలు రెండు నెలల్లో ఎలా అయ్యాయంటే, ప్లస్ తీగ పచ్చబడి సగం సన్నబడింది, పై మట్టం తీగ మీద గోరుతో గీకితే రాలే తెల్లటి పెంకు. ఆ పెంకు కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి నీళ్లు తాకినా సర్క్యూట్‌కు తెలియదు. ట్యాంకి పొర్లడానికి కారణం ఐసీ కాదు, ఆ పెంకు.

రెసిస్టర్‌ను 1 మెగ్ (10 లక్షల ఓమ్స్) చేస్తే అతి సున్నితం అయింది. మూత కింద చెమ్మ పట్టి రాడ్ల మధ్య తడి పొర ఏర్పడితే దాన్నే నీళ్లు అనుకుంది, ట్యాంకి ఖాళీ అయినా మోటరు ఆన్ కాలేదు. చివరికి 220 కె దగ్గర కుదిరింది. పై మట్టానికి 110 కె దాకా నిరోధం వచ్చినా గుర్తిస్తుంది, కరెంటు 55 మైక్రో ఆంపియర్లకు దిగింది, రెండు రకాల నీళ్లలోనూ 6వ కాలి దగ్గర 10.5 వోల్టుల పైనే వస్తుంది. చెమ్మ సమస్యకు రాడ్లను మూతలో నాలుగు వేళ్ల దూరంలో వేర్వేరు రంధ్రాల్లో దించి, పై 10 సెంటీమీటర్లకు స్లీవ్ తొడిగాను.

రాడ్ల కోసం సైకిల్ పుల్లలు వాడేవాళ్లున్నారు, తుప్పు పడతాయి. వెల్డింగ్ సామాన్ల దుకాణంలో స్టెయిన్‌లెస్ టిగ్ ఫిల్లర్ రాడ్లు దొరుకుతాయి. 2.4 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడుగు. మూడు చాలు. మా ట్యాంకి లోతు 115 సెంటీమీటర్లు. మూత నుంచి కొలిస్తే ప్లస్ రాడ్ మీటరు, కింది మట్టం 90 సెంటీమీటర్లు, పై మట్టం 15. స్టెయిన్‌లెస్‌కు మామూలు సోల్డర్ అంటదు, గంటసేపు కాల్చినా గుండ్లుగుండ్లుగా జారిపోతుంది. ఇత్తడి స్క్రూల కనెక్టర్‌తో బిగించి, పైన సిలికాన్ పూయాలి. కనెక్టర్ మూత బయట ఉండాలి, లోపలి ఆవిరి తగలకూడదు.

పవర్ సప్లయ్ సంగతి. పత్రికలో 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్, 7812 రెగ్యులేటర్. 230 ఉన్నంతసేపు బాగుంది. ఎండాకాలం సాయంత్రాలు మా లైన్‌లో 170కి దిగినప్పుడు రిలే టకటకా కొట్టుకుంది. లెక్క చూస్తే కారణం దొరికింది. 170 మీద ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది 8.9 వోల్టులు. దాని శిఖరం 12.5, డయోడ్ పోగా 11.8. 7812 సరిగా పనిచేయాలంటే లోపలికి 14 పైనే కావాలి. 15-0-15 పెడితే అదే 170 మీద 15 దాకా వస్తుంది. అయితే రాత్రి లోడు తగ్గి లైన్ 250కి ఎగిసినప్పుడు అదే ట్రాన్స్‌ఫార్మర్ 25 వోల్టులు ఇవ్వగలదు కాబట్టి కెపాసిటర్ 35 వోల్టులది వేయాలి. ఇక్కడ ఒక హెచ్చరిక: ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో వోల్టేజీ దించే సప్లయ్‌లు పత్రికల్లో కనిపిస్తాయి. నీళ్లలో రాడ్లు దించే సర్క్యూట్‌కు అవి ఏ పరిస్థితిలోనూ వాడొద్దు. లైన్ కరెంటు నేరుగా ట్యాంకి నీళ్లలోకి వస్తుంది.

రిలే నుంచి నేరుగా మోటరు నడపమని వ్యాసంలో ఉంది, అది చేయలేదు. 1 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు 6, 7 ఆంపియర్లు లాగితే, మొదలయ్యేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. చిన్న రిలే లోపలి ముక్కలు అతుక్కుపోతే 555 ఆఫ్ చెప్పినా మోటరు ఆగదు. చిన్న రిలే 230 వోల్టుల కాయిల్ ఉన్న 12 ఆంపియర్ల ఏసీ-3 కాంటాక్టర్‌ను (మోటర్ల కోసం చేసిన పెద్ద రిలే లాంటిది) నడపాలి, కాంటాక్టర్ మోటరును నడపాలి. మా ప్యానెల్ ఎంసీబీ రకం, కరెంటు ఇస్తే మోటరు నడుస్తుంది. పచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ ఉన్న ప్యానెల్‌కు ఇలా కుదరదు, దాని వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే మార్పించాలి. ఆటో, మాన్యువల్ స్విచ్ ఒకటి తప్పక పెట్టుకోండి.

కాంటాక్టర్ పెట్టినంక కొత్త రోగం: ట్యాంకి నిండుతుంది, మోటరు ఆగుతుంది, ఆ మరుక్షణమే మళ్లీ ఆన్. పదిసార్లలో మూడుసార్లు. కాంటాక్టర్ తీసి దాని చోట 60 వాట్ల బల్బు పెడితే పదికి పదిసార్లూ సరిగ్గా ఆగింది. అంటే తప్పు తర్కంలో లేదు, కాయిల్ కరెంటు తెగినప్పుడు పుట్టే నిప్పురవ్వలో ఉంది. కాంటాక్టర్ కాయిల్ కరెంటు తెగిన క్షణం పెద్ద వోల్టేజీ ఉబుకుతుంది. మేడ మీది నుంచి వచ్చే 15 మీటర్ల తీగ దాన్ని యాంటెన్నాలా పట్టి 2వ కాలికి ఇస్తుంది. మందు నాలుగు చోట్ల వేయాల్సి వచ్చింది. కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్స్ 1 వాట్ రెసిస్టర్, దానితో వరుసలో 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం (లైన్ కరెంటుకు అడ్డంగా పెట్టడానికే చేసిన) 275 వోల్టుల ఏసీ కెపాసిటర్. 104 అని రాసి ఉండే మామూలు 0.1 మైక్రోఫారడ్ డిస్క్ కెపాసిటర్ ఇక్కడ పెడితే పేలుతుంది. 2, 6 కాళ్లకు నేరుగా తీగ కాకుండా మధ్యలో 10 కె, కాలి పక్కనే గ్రౌండ్‌కు 104 డిస్క్. 5వ కాలు నుంచి గ్రౌండ్‌కు ఇంకో 104. ఐసీ 8, 1 కాళ్ల దగ్గర 100 మైక్రోఫారడ్, పక్కన 104. పత్రిక బొమ్మలో 5వ కాలు ఖాళీగా వదిలేశారు. టేబుల్ మీద అది చెల్లుతుంది, కాంటాక్టర్ పక్కన చెల్లదు. ఈ నాలుగూ పడ్డాక వరుసగా ముప్పైసార్లు ఆపి చూశాను, ఒక్కసారి కూడా తిరగబడలేదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు 555 ఏ స్థితిలో లేస్తుందో చెప్పలేం. దాన్ని ఆఫ్‌లోనే లేపాలని 4వ కాలికి ప్లస్ నుంచి 10 కె, గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్ పెట్టాను. మొదటి 60 మిల్లీ సెకన్లు రీసెట్‌లో ఉంటుంది. కరెంటు రాగానే నీళ్లు మధ్యలో ఉంటే మోటరు ఊరికే లేవదు. మన పల్లెల్లో పొలాల ఆటో స్టార్టర్లన్నీ కరెంటు రాగానే ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్లను ఎంత ఇబ్బంది పెట్టేవో అందరికీ తెలుసు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను అడిగింది. ఇంటి మోటరుకూ అదే న్యాయం.

అన్నిటికంటే పెద్ద లోపం ఆఖరున కనిపించింది. 555లో 2వ కాలిది 6వ కాలి కంటే పైమాట. కింది రాడ్ తీగ తెగితే 2వ కాలు ఎప్పటికీ సున్నాలోనే ఉంటుంది, ట్యాంకి నిండినా మోటరు ఆగదు. ప్లస్ తీగ తెగినా అంతే. మేడ మీద కోతులు తిరిగే చోట తీగ తెగడం అరుదేం కాదు. ఎండాకాలం బోరు ఎండితే నీళ్లు రావు, పై రాడ్ తడవదు, మోటరు వట్టిగా తిరుగుతూనే ఉంటుంది. ఈ మూడింటికీ ఒకే జవాబు: ఎంతసేపైనా అరగంట దాటి మోటరు నడవకూడదు. దానికి సీడీ4060 అనే, తిరుగుళ్లు లెక్కపెట్టి కాలం కొలిచే ఐసీని కలిపాను. 555, రిలే హన్మకొండ చౌరస్తాలోనే దొరికాయి. 4060, ఎక్స్2 కెపాసిటర్ కోసం కోఠి గుజరాతీ గల్లీ దాకా పోవాల్సి వచ్చింది.

4060 కలిపే పద్ధతి ఇది. 16వ కాలు ప్లస్, 8వ కాలు గ్రౌండ్. 10వ కాలి నుంచి 470 కె, 9వ కాలి నుంచి 0.22 మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్, 11వ కాలి నుంచి 2.2 మెగ్. ఈ మూడింటి రెండో కొసలు ఒకేచోట కలపాలి. డిస్క్ కెపాసిటర్ వేడికి విలువ మారుస్తుంది, మేడ మెట్ల కింద పెట్టె మే నెలలో ఎంత కాలుతుందో తెలిసిందే కాబట్టి పాలిస్టరే వేయాలి. ఒక్కో తిరుగుడు కాలం 2.3 ఇంటూ 470 కె ఇంటూ 0.22 మైక్రో, అంటే 0.238 సెకన్లు. 3వ కాలు 8192 తిరుగుళ్లకు లేస్తుంది, అది 32 నిమిషాల చిల్లర. మా ట్యాంకి కింది మట్టం నుంచి నిండటానికి 22 నిమిషాలు పడుతుంది. మీ ట్యాంకికి పట్టే కాలం కొలిచి, దానికి సగం కలిపి 470 కెను మార్చుకోండి.

12వ కాలు రీసెట్. మోటరు ఆఫ్‌లో ఉన్నంతసేపు ఇది పైన ఉండాలి. 555 అవుట్‌పుట్ నుంచి 100 కె ద్వారా రెండో బీసీ547 బేస్‌కు, బేస్ నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్, కలెక్టర్‌ను 12వ కాలికి, అక్కడి నుంచి ప్లస్‌కు 100 కె. ఆ 10 మైక్రోఫారడ్ వల్ల మోటరు లేచిన ప్రతిసారీ లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. 3వ కాలి నుంచి 10 కె ద్వారా మూడో బీసీ547కు ఇచ్చి, దాని కలెక్టర్‌తో రిలే ట్రాన్సిస్టర్ బేస్‌ను గ్రౌండ్‌కు లాగాలి. అదే 3వ కాలి నుంచి 11వ కాలికి 1ఎన్4148 డయోడ్, గీత 11 వైపు. కాలం కాగానే డయోడ్ లెక్కను అక్కడే ఆపేస్తుంది, రిలే పడిపోతుంది, స్విచ్ ఆపి వేసేదాకా మళ్లీ లేవదు. మొదట 3వ కాలితో 555ను రీసెట్ చేశాను, అది పొరపాటు. 555 ఆగితే 4060 కూడా రీసెట్ అయి, మోటరు మళ్లీ లేచి, ఇంకో అరగంట నడిచింది.

పరీక్షకు అరగంట కూర్చోనక్కర లేదు. 7వ కాలికి 4.7 కెతో ఎల్‌ఈడీ పెడితే ఒక్కో మిణుకు 16 తిరుగుళ్లు. పది మిణుకుల కాలాన్ని 51.2తో గుణిస్తే మొత్తం కాలం వస్తుంది. నాకు పది మిణుకులకు 39 సెకన్లు వచ్చింది, అంటే 33 నిమిషాలు. ట్యాంకి కడిగి పూర్తిగా ఖాళీ చేసిన రోజు మాత్రం మొదటి నింపుడు మాన్యువల్‌లో చేయాలి. అడుగు నుంచి పై రాడ్ దాకా అరగంట పడుతుంది, లో వోల్టేజీ ఉంటే టైమర్ మధ్యలో కోస్తుంది.

రాడ్లను ఆరు నెలలకు ఒకసారి తీసి నిమ్మరసంలో పది నిమిషాలు నానబెట్టి తుడుస్తున్నాను. సున్నం పొరలా వస్తోంది గానీ పెంకు కట్టడం లేదు, ప్లస్ రాడ్ మందం తగ్గలేదు. పెట్టె మూత లోపల సర్క్యూట్ బొమ్మ అతికించి, దాని కింద నాలుగు అంకెలు రాసిపెట్టాను: ట్యాంకి నిండినప్పుడు 6వ కాలు 10.6, ఖాళీలో 2వ కాలు 0.1, రెగ్యులేటర్ ముందు 20.4, పది మిణుకులు 39 సెకన్లు. మోటరు ఎప్పుడు మొరాయించినా మీటర్ పట్టుకుని ముందు ఆ నాలుగే చూస్తాను.